త్రినాథరావు చెవి, కనకం గోరు

బిలాస్‌పూర్ స్టేషన్లోకి మెయిలు వచ్చి ఆగిందంటే చాయ్‌వాడి కేక కంటే ముందు త్రినాథరావు సుత్తి చప్పుడు వినిపించేది. పొడుగాటి కర్రకి చిన్న తలకాయ తొడిగిన సుత్తి అది. బండికి ఇటు పక్కనించి అటు చివరికీ, మళ్ళీ అవతలి పక్కనించి ఇటు చివరికీ నడుస్తూ, ఒక్కొక్క చక్రాన్నీ ఒక్కటి కొట్టి, మెడ కాస్త వంచి వినేవాడు. మంచి చక్రం ఖంగుమంటుంది. పగులున్న చక్రం పాత కుండలా బొదబొదమంటుంది. ఖంగుమంటే ముందుకి పోవడం, బొదబొదమంటే ఆ పెట్టె మీద సుద్దముక్కతో ఇంటూ గుర్తు వేసి ‘సిక్’ అని రాసి పక్క లైనుకి తీయించడం, ఇదే ఆయన ఉద్యోగం. పాతికేళ్ళుగా ఇదే. ఆయన సరే అన్న చక్రం దారిలో విరిగిందన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

కట్నీ లైను వేసే రోజుల్లో చీపురుపల్లి వైపునించి మట్టిపనికి వచ్చి, పనయిపోయినా తిరిగి వెళ్ళడం మరిచిపోయిన మనిషి ఆయన తండ్రి. త్రినాథరావు ఇక్కడే పుట్టాడు. అక్క కూతురు కనకాన్ని చేసుకుని, రైలు వాళ్ళిచ్చిన రెండు గదుల క్వార్టరులో కాపురం పెట్టాడు. మనిషి మంచివాడు. ఒక్కటే చిక్కు. ఆ చెవిని డ్యూటీ అయ్యాక డ్యూటీలోనే వదిలి రాలేకపోయేవాడు.

కొబ్బరికాయైనా, పుచ్చకాయైనా, ఎవరింట్లో కొత్త కుండ కనిపించినా వేలితో కొట్టి మెడ వంచేవాడు. ఒకసారి ఎవరిదో పెళ్ళిలో ఆడపిల్లవారు సారెగా తెచ్చిన ఇత్తడి బిందెను పదిమందిలో అలా కొట్టి, “ఇది పగిలిపోయిందండీ” అన్నాడు. నీళ్ళు పోసి చూస్తే నిజంగానే కారింది. తన మాట నిజమైందని ఆయన చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. ఆ తరవాత ఆరు నెలలపాటు రెండు వైపుల వాళ్ళూ ఆయనతో మాట్లాడలేదన్న సంగతి మాత్రం కనకం చెప్పాల్సి వచ్చేది.

ఇక గుమ్మడికాయల సంగతి. రైల్వే కాలనీలో మన తెలుగువాళ్ళు ఏటా శ్రీరామనవమికి పందిరి వేసి, మధ్యాహ్నం అందరికీ సంతర్పణ చేసేవారు. సంతర్పణకి గుమ్మడికాయ పులుసు ఉండాలి. కానీ చైత్రం వచ్చేసరికి బజార్లో గుమ్మడికాయ కనిపించదు. కిందటేడు వంట బాధ్యత తీసుకున్న ఇంజను షెడ్డు వాళ్ళు ఆనపకాయ పులుసు పెట్టి ఊరుకున్నారు. తిన్నవాళ్ళు పైకి ఏమీ అనకపోయినా విస్తళ్ళలో ముక్కలు మిగిలిపోయాయి.

ఆ ఏడు వినాయక చవితినాడు కమిటీ కూర్చుంది. కమిటీకి పెద్ద గూడ్సాఫీసు గుమాస్తా శంకరరావు గారు. పులుసు మాట రాగానే త్రినాథరావు లేచి, తన పెరట్లో మూడు పాదులున్నాయనీ, వంటింటి పెంకుల మీద పిందెలు దిగుతున్నాయనీ, నవమికి పన్నెండు కాయలు తనే ఇస్తాననీ చెప్పాడు. ఆ పక్కనే కూర్చున్న, కనకానికి వరసకి తమ్ముడయ్యే ఇంజను డ్రైవరు నూకరాజు ఈ మాటని ఊరికే పోనిస్తాడా?

“అచ్ఛా బావా, కాయలు కాయిస్తావు, బాగానే ఉంది. ఆర్నెల్లు కుళ్ళకుండా దాచగలవేటి? ఇది చక్రం కాదు, కొట్టీసి ఎల్లిపోడానికి.”

“నా చెవి సరే అన్న కాయ ఉగాది దాటినా చెక్కుచెదరదు. చూస్తావు కదా.”

ఆ మాట అనేసి కూర్చున్నాక గాని త్రినాథరావుకి తను ఎంత పెద్ద మాట అన్నాడో తెలియలేదు. కాని ఆ మాట ఆయన లోపలినించి వచ్చింది. డ్రైవరు బండి నడుపుతాడు. గార్డు జెండా ఊపుతాడు. చక్రాలు కొట్టేవాడు బండి కదలగానే ప్లాట్‌ఫారం మీద వెనకే ఉండిపోతాడు. పాతికేళ్ళలో కాలనీ పందిట్లో ఆయన పేరు ఎవరూ పిలవలేదు. ఒక్క సంవత్సరమైనా ‘ఇది త్రినాథరావు గారి గుమ్మడికాయ’ అని రెండొందలమంది లొట్టలేసుకుంటూ తినాలని ఆయన కోరిక. అంతకంటే ఏమీ లేదు.

దసరా వెళ్ళిన నాలుగో రోజున ఆయన నిచ్చెన వేసి, డ్యూటీ సుత్తి చంకన పెట్టుకుని, వంటింటి కప్పు ఎక్కాడు. పెంకుల మీద ఇరవై కాయలు, కొన్ని ఆకుపచ్చగా, కొన్ని పసుపుకి తిరుగుతూ కూర్చుని ఉన్నాయి. కింద కనకం నిలబడి చూస్తోంది. ఆయన ఒక్కొక్క కాయనీ సుత్తితో మెల్లిగా తట్టి, మెడ వంచి విన్నాడు. కొన్ని గట్టిగా, నిండుగా టంగుమన్నాయి. కొన్ని బొదబొదమన్నాయి.

నవ్వొస్తుంది గాని, ఇలాంటి పొరపాటు చక్రాలు కొట్టేవాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. మామూలు మనిషి గుమ్మడికాయని కంటితో చూస్తాడు. ఆయన చూడలేదు, విన్నాడు. విన్నది సరిగ్గానే విన్నాడు కూడా. కాని ఇనుముకి ఏది మంచి చప్పుడో గుమ్మడికాయకి అది పచ్చి చప్పుడు. నీరు నిండి బిగిసి ఉన్న పచ్చికాయే టంగుమంటుంది. పండి, లోపల గింజల చుట్టూ కాస్త డొల్ల పడిన కాయే బొదబొదమంటుంది. త్రినాథరావు టంగుమన్న పన్నెండింటినీ కోతకి ఎంచి, బొదబొదమన్న ఎనిమిదింటి మీదా జేబులోంచి సుద్దముక్క తీసి ఇంటూ గుర్తు వేసి, అలవాటు కొద్దీ ‘సిక్’ అని రాసేశాడు.

కనకం ఉండబట్టలేకపోయింది. “మావా, నువ్వు కోస్తన్నవి ఇంకా పచ్చివి. తొడిమ చూడు, ఎలగ లేతగా ఉందో. గోరు గుచ్చి చూడు, దిగిపోతాది.”

“చెవి ఉండగా గోరేటే?”

“మరి ఆ పెద్ద కాయల మీద ఏటి రాసినావు?”

“అవి సిక్. లోపల పగులున్నాది. తీసి పారెయ్.”

పాతికేళ్ళ కాపురంలో కనకం ఆయన చెవితో వాదించి నెగ్గినది ఒక్కసారీ లేదు. సరే, పారేస్తానంది.

త్రినాథరావు ఆ పన్నెండు కాయల్నీ తిప్పి తిప్పి తెంపాడు. సగం కాయలకి తొడిమ మొదటికంటా ఊడి వచ్చింది. ఎత్తుకోవడానికి నున్నగా ఉందని సంతోషించాడు. తరవాత వాటిని కుళాయి కింద పెట్టి, ఇంజనుకి పాలిష్ పట్టినట్టు కడిగాడు. తాడుతో వలల్లాంటి ఉట్లు అల్లి, ముందు గదిలో దూలాలకి వరసగా వేలాడదీశాడు. వచ్చినవాళ్ళంతా తలెత్తి చూసి పొగిడారు. నూకరాజు కూడా వచ్చి, లెక్కపెట్టి, తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ రోజు త్రినాథరావు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పుష్యమాసంలో ఒక ఉదయం ఆయన డ్యూటీకి బయల్దేరుతూ తలెత్తి చూస్తే, మూడో కాయ అడుగున రూపాయంత నల్లమచ్చ కనిపించింది. వేలితో తాకితే వేలు లోపలికి వెళ్ళింది. సరిగ్గా సుత్తి తగిలిన చోటే. ఆయన ఆ కాయని గబగబా విప్పి, పనిముట్ల సంచీలో పెట్టుకుని, కనకం చూడకుండా పట్టుకుపోయి అర్పా నదిలో వదిలేశాడు. ఉట్టి ఖాళీగా ఉంటే తెలిసిపోతుందని అందులో ఒక బోర్లించిన మట్టిముంత పెట్టాడు.

మరో పది రోజులకి ఇంకొకటి పోయింది. తరవాత రెండు. ఇంట్లో ముంతలు మాయమవడం కనకం గమనించకపోలేదు. వాసన కూడా గమనించింది. కాని ఆమెకి ఒక ఇబ్బంది ఉంది. మన వైపూ, ఇక్కడి వాళ్ళలోనూ ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయకి మొదటి కత్తి పెట్టరు. మగవాడు పగలగొట్టాకే తరుగుతారు. లింగియాడీహ్ నించి ఆకుకూరలు తెచ్చే ముసలమ్మ అయితే, మఖ్నా అంటే ఇంటికి పెద్దకొడుకు లాంటిది, దాన్ని ఆడది కొయ్యడమేమిటి అనేది. మఖ్నా అంటే వాళ్ళ మాటలో గుమ్మడికాయ. అందుకని కనకం రోజూ, “మావా, ఒక కాయ కొట్టి చూడరాదా” అని అడిగేది. ఒకరోజు ఆయన మంగళవారం అన్నాడు. ఇంకోరోజు డ్యూటీకి ఆలస్యమైందన్నాడు. ఒకరోజు మరీ తోచక, నడుం పట్టేసిందని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోడానికి రెండు రోజులు వంగి నడిచాడు. ఆ రెండు రోజులూ చక్రాలు కొట్టడం మాత్రం చాలా సులువుగా ఉందన్నాడు.

హోళీ వెళ్ళాక శంకరరావు గారు స్వయంగా వచ్చారు. నవమికి ఇంకా మూడు వారాలుంది. ఇస్త్రీ కోటు వేసుకుని, కాయలు చూసిపోదామని వచ్చి, దూలాల కిందున్న బల్ల మీదే కూర్చున్నారు. త్రినాథరావు ఆయన్ని పెరట్లోకి రమ్మన్నాడు. గాలి బాగుంటుందన్నాడు. శంకరరావు గారు ఇక్కడే బాగుందన్నారు. కనకం మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు ఎత్తి తాగుతుండగా కోటు భుజం మీద టప్పుమని ఒక చుక్క పడింది. చుక్క అంటే మరీ చుక్క కాదు, కాస్త చిక్కగా ఉంది.

ఆయన తలెత్తి చూశారు. త్రినాథరావు కూడా, అదేదో తనకీ వింతే అన్నట్టు, తలెత్తి చూశాడు.

“బల్లి అనుకుంటానండీ” అన్నాడు.

శంకరరావు గారు అది ఎంత పెద్ద బల్లి అయి ఉంటుందో అని కాసేపు దూలాలు వెతికి, రుమాలుతో భుజం తుడుచుకుని, కాయలు దివ్యంగా ఉన్నాయని మెచ్చుకుని వెళ్ళిపోయారు.

ఆయన వీధి మలుపు తిరిగే వరకూ ఆగి, కనకం చీపురు తిరగేసి, కర్రతో ఉట్టిలోని కాయని మెల్లిగా పొడిచింది. కర్ర ఇటునించి అటు వెళ్ళింది. తరవాత వరసగా అన్ని ఉట్లూ పొడిచింది. నాలుగింట్లో ముంతలు టకటకమన్నాయి. ఆరింట్లోకి కర్ర దిగింది. రెండు మాత్రం ఎలాగో నిలబడ్డాయి, అవీ తొడిమ దగ్గర మెత్తబడ్డాయి. ఆ రెండూ ఆయన చేతే కొట్టించగా ఆ వారమే కూరలోకి వెళ్ళిపోయాయి. ముక్కలు చప్పగా, పీచుగా, ఆనపకాయలా ఉన్నాయి. త్రినాథరావు వాటిని ఆఖరి ముక్క దాకా తిన్నాడు.

తిని, చెయ్యి కడుక్కుని, పీట మీద అలాగే కూర్చుండిపోయాడు. నూకరాజు మొహం కళ్ళముందు కదిలింది. పందిట్లో మళ్ళీ ఆనపకాయ ముక్కలు తేలే పులుసు కనిపించింది. శంకరరావు గారింటికి వెళ్ళి చెప్పేస్తే నయమా, నవమికి సెలవు పెట్టి చీపురుపల్లి పోతే నయమా అని ఆలోచించాడు. చివరికి, “ఏటి చెయ్యమంటావే కనకం” అన్నాడు. ఆయన ఆమెని సలహా అడగడం అదే మొదటిసారి.

ఆమె లేచి, లోపలి గదిలో మంచం కింద కప్పి ఉన్న గోనెపట్టా పక్కకి లాగింది. అక్కడ ఎండుగడ్డి మీద, ఒకదానికొకటి తగలకుండా, ఎనిమిది కాయలు కూర్చుని ఉన్నాయి. తేనెరంగుకి తిరిగి, మెరుపు తగ్గి, రాయిలా ఉన్నాయి. ఒక్కొక్కదానికీ నాలుగు వేళ్ళ పొడుగు తొడిమ ఉంది. ఒక్కొక్కదాని నెత్తి మీదా సుద్దతో ఇంటూ గుర్తూ, కింద ‘సిక్’ అన్న మాటా చెక్కుచెదరకుండా ఉన్నాయి.

“పారెయ్యమన్నాను కదే.”

“పారేద్దామనే అనుకున్నాను మావా. పాదు మీదే ఉన్నాయి గదా, ఇప్పుడే తొందరేటి అని వదిలీసినాను.”

మార్గశిరం దాకా వదిలేసిందట. ఆకులు పండి, కాయ పక్కనున్న నులితీగ ఎండి, తొడిమ చెక్కలా గట్టిపడి చారలు పడ్డాక, పెంకులకి ఆనుకున్న అడుగు తెలుపు పోయి పసుపుకి తిరిగాక, ఒక్కొక్కదానికీ గోరు గుచ్చి చూసిందట. గోరు దిగని రోజున, వాన లేని పొడి ఎండ చూసి, తెంపకుండా కొడవలితో కోసి, కప్పు మీదే పది రోజులు ఎండనిచ్చిందట. కడగలేదు. సుద్దరాత చెరగకుండా పొడిగుడ్డతో దులిపింది, అంతే. మంచం కింద పెట్టాక వారానికోసారి చూసి, పక్కకి తిప్పేదట. త్రినాథరావు ఆ మంచం మీదే మూడు నెలలకి పైగా పడుకుని, తన పన్నెండు కాయల గురించి దిగులు పడ్డాడు.

ఆయన వంగి ఒక కాయకి బొటనవేలి గోరు గుచ్చి చూశాడు. గోరు వంగింది గాని కాయకి గీత పడలేదు. చెయ్యి సుత్తి కోసం వెతికింది గాని, కనకం చూస్తూ ఉండడంతో మానుకున్నాడు.

కాయలు దొరికాయి, సంతోషమే. ఇక్కడే త్రినాథరావు ఇంకో చిన్నపని చేశాడు. నవమి ముందు రోజు కాయల్ని బండి మీదకి ఎక్కించే ముందు, పంచె కొంగుతో ఒక్కొక్కదాని మీదా సుద్దరాతలు జాగ్రత్తగా తుడిచేశాడు. మిగిలిన నాలుగూ ఏవని శంకరరావు గారు అడిగితే, ఇంట్లో వాడుకున్నామన్నాడు. కనకం అది విని గోనెపట్టా మడతపెట్టుకుంది.

వంటవాళ్ళు కాయల్ని ముందు పెట్టారు. మొదటి దెబ్బ త్రినాథరావునే వెయ్యమన్నారు. కత్తి దిగడానికి రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. విచ్చుకున్న కాయ లోపల గాఢంగా, పచ్చిపసుపు కొమ్ము విరిచినట్టు ఉంది. ఒక్కొక్క కాయా అంత కండతో ఉండేసరికి ఎనిమిదే ఎక్కువై మిగిలిపోయేలా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం పులుసు గంగాళం మూడుసార్లు వరసల్లో తిరిగింది. విస్తళ్ళలో ఒక్క ముక్క మిగల్లేదు. నూకరాజు నాలుగోసారి వడ్డించుకుని, ఎవరూ చూడలేదనుకుని ఇటూ అటూ చూశాడు.

అప్పుడు శంకరరావు గారు లేచి నిలబడ్డారు. ఇదంతా త్రినాథరావు గారి చెవి చలవేనని అన్నారు. ఆయన పేరు పందిట్లో అంత గట్టిగా వినిపించడం అదే మొదలు. పేరు విని త్రినాథరావు గుండె పొంగిన మాట అబద్ధం కాదు. శంకరరావు గారు అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. వచ్చే ఏడునించి కాలనీలో ప్రతి ఇంటివాళ్ళూ పాదు పెట్టాలనీ, త్రినాథరావు గారు సుత్తి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆయన బాగుందన్న కాయే కొయ్యాలనీ, ఇది కమిటీ తీర్మానమనీ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

త్రినాథరావు ఆడవాళ్ళ వరస వైపు చూశాడు. కనకం తన విస్తరి వైపు చూస్తూ అన్నం కలుపుకుంటోంది. ఆవిడ చెప్పదు. ఇవాళా చెప్పదు, ఎన్నాళ్ళకీ చెప్పదు. అది ఆయనకి తెలుసు. తను ఊరుకుంటే ఈ పేరు ఒక ఏడాదిపాటు తనదే. ఏడాది తిరిగేసరికి మాత్రం కాలనీలో ప్రతి ఇంటి దూలానికీ కుళ్ళిన కాయ వేలాడుతుంది. ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

“శంకరరావు గారూ, ఒక్క మాటండి. నా చెవి బాగున్నాయన్న పన్నెండింట్లో పది కుళ్ళిపోనాయి. మీరు తిన్నవి నేను సిక్ రాసి పారెయ్యమన్నవి. అవి పండేదాకా ఆగి కోసిందీ, దాచిందీ కనకం. నన్ను ఇల్లిల్లూ తిప్పితే వచ్చే నవమికి మళ్ళీ ఆనపకాయేనండి.”

శంకరరావు గారు నెమ్మదిగా తన భుజం తడుముకుని, “అయితే ఆ రోజు బల్లి…” అన్నారు.

“అదీ గుమ్మడికాయేనండి.”

పందిరి కింద ఒక మూల మొదలైన నవ్వు ఇంకో మూలకి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. నూకరాజు పొలమారి, నీళ్ళు తాగి, గొంతు సర్దుకున్నాడు. “అయితే బావా, మొన్న నా బండిలో పెట్టెకి సిక్ రాసినావు. అదీ పండిపోయిందేటి?”

“ఇనప చక్రం పండదురా నూకరాజూ. దానికి నా చెవి సరిపోతాది. కాయకి మీ అప్ప కనకాన్నే అడుగు.”

ఆ మాటతో రెండు వరసల్లోని తలకాయలూ కనకం వైపు తిరిగాయి. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోబోయి, పెట్టుకోలేక, అలాగే పట్టుకుని కూర్చుంది. తీర్మానంలో త్రినాథరావు పేరు కొట్టేసి ఏం రాయాలని శంకరరావు గారు అడిగితే, ఆవిడ ముద్ద విస్తట్లో పెట్టేసి, “ఏటీ రాయకండి బాబూ, పిలిస్తే నేనే వస్తాను” అంది.

పిలిచారు. ఆ మార్గశిరంలో కనకం పధ్నాలుగు ఇళ్ళ కప్పులు ఎక్కింది. ఇంకా పచ్చి అన్నదాన్ని ఎవరూ ముట్టుకోకుండా మసిబొగ్గుతో చుక్క పెట్టి, పది రోజులాగి మళ్ళీ వచ్చేది. ఉస్లాపూర్ దగ్గర కాపురముంటున్న గేటుమన్ భార్య కూడా కబురు పెడితే అంతదూరం నడిచి వెళ్ళి చూసి వచ్చింది. త్రినాథరావు డ్యూటీ లేనప్పుడల్లా వెంట వెళ్ళేవాడు. నిచ్చెన పట్టుకోవడం ఆయన పని.

నూకరాజు ఇంటి దగ్గర కప్పు కొంచెం ఎత్తు. కనకం పైన కూర్చుని, ఒక పెద్ద కాయకి గోరు గుచ్చి, గోరు చూసుకుని, కొడవలితో టక్కున కోసి, కిందికి అందించింది. త్రినాథరావు సంబరంగా చెయ్యి చాచి దాన్ని పొడుగాటి తొడిమ పట్టుకుని దింపబోయాడు.

“తొడిమ పట్టుకోకు మావా, ఊడిపోతాది. అడుగున రెండు చేతులూ పెట్టు.”

ఆయన రెండు చేతులూ పెట్టాడు. కాయ ఆయన అనుకున్నదానికంటే బరువుగా ఉంది.